పేరు లేని జ్వరం: కాచిగూడ నాలా నుంచి క్యూషూ బొగ్గుగని దాకా

ఈ వారం ఎపిసోడ్ కాచిగూడ రైల్వే స్టేషన్ ముందు నిలబడి చేస్తున్నాం. నా వెనకాల కనిపిస్తున్న ఆ గుమ్మటాల బిల్డింగ్ 1916 నాటిది, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో కట్టించింది. 1916 అన్న ఏడాదిని గుర్తు పెట్టుకోండి. సరిగ్గా అదే ఏడాది న్యూయార్క్‌లో అచ్చయ్యే ఒక వైద్య పత్రికలో జపాన్ డాక్టర్లు రాసిన ఒక వ్యాసం వచ్చింది. ఆ వ్యాసానికీ ఈ స్టేషన్ పక్క బస్తీలకూ ఉన్న లింకే ఇవాళ్టి కథ.

ముందు ఒక సంగతి చెప్పి మొదలుపెడతా. 2020 అక్టోబర్ 13 రాత్రి హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఆ వాన గుర్తుండే ఉంటుంది. ఒక్క రోజులో బేగంపేటలో 19 సెంటీమీటర్లకు పైగా పడింది. మూసీ పొంగింది, మూసారాంబాగ్ వంతెన మునిగింది. మా ఫ్రెండ్ ఒకడు గోల్నాకలో ఉండేవాడు, డెలివరీ పని చేసుకుంటూ. పేరు చెప్పొద్దన్నాడు, చెప్పను. వాడి గల్లీలో మోకాళ్లలోతు నీళ్లు. బండిని తోసుకుంటూ, పక్కింటివాళ్ల సామాన్లు పైకి ఎక్కిస్తూ రెండు రోజులు ఆ నీళ్లలోనే తిరిగాడు. కాలికి రేకు గీసుకుంది. అదో గాయమా అని పట్టించుకోలేదు.

ఎనిమిదో రోజు జ్వరం. ఒళ్లంతా నొప్పులు, తల పగిలిపోతోంది. అప్పుడు కరోనా కాలం కదా, ముక్కులో పుల్ల పెట్టి చూశారు, నెగటివ్. డెంగీ నెగటివ్. మలేరియా నెగటివ్. "వైరల్ ఫీవర్" అని మాత్రలిచ్చి పంపించారు. అయిదో రోజుకు కళ్లు పచ్చబడ్డాయి. ఇంట్లో వాళ్లు కామెర్లు అనుకుని పసరు తాగించి, పథ్యం పెట్టారు. ఇంకో రెండు రోజులకు మూత్రం రావడం తగ్గిపోయింది.

ఈ కథ ఎక్కడికి పోయిందో చివర్లో చెప్తా. ఇక్కడ ఒకటి గమనించండి. ఒక్క వారంలో ఆ పిల్లాడి జబ్బుకు అయిదు పేర్లు పడ్డాయి: కరోనా, డెంగీ, మలేరియా, వైరల్, కామెర్లు. అసలు పేరు ఒక్కరి నోటా రాలేదు. మీకు వింతగా అనిపించొచ్చు గానీ, ఈ జబ్బు చరిత్ర మొత్తం ఇదే. ప్రపంచంలో ఎక్కడికెళ్లినా ఇంకో జబ్బు పేరు తగిలించుకునే బతికింది.

దాని పేరు లెప్టోస్పైరోసిస్. పేపర్లలో ఎలుక జ్వరం అనీ, ర్యాట్ ఫీవర్ అనీ రాస్తారు. మలయాళంలో అయితే ఇంటింటా తెలిసిన మాట ఉంది, ఎలిప్పని అంటారు. మనకు? మన వాళ్లు మశూచికి అమ్మవారు అని పేరు పెట్టి పోశమ్మకు మొక్కారు. కలరాను గత్తర అన్నారు. మలేరియాను చలిజ్వరం అన్నారు. ఈ జబ్బుకు మాత్రం మన పల్లెల్లో పాత పేరు లేదు, దీని కోసం వెలిసిన అమ్మవారూ లేదు. పేరు లేని జబ్బును ఎవరు అనుమానిస్తారు చెప్పండి?

సరే, ఇది వచ్చే దారి చూద్దాం. ఇది బ్యాక్టీరియా. స్ప్రింగులాగా సన్నగా మెలికలు తిరిగి ఉంటుంది, కొసలు కొక్కెంలాగా వంగి ఉంటాయి. ఎలుక, పందికొక్కు, కుక్క, పంది, ఆవు, బర్రె, ఇలాంటి జంతువుల కిడ్నీల్లో కాపురం పెడుతుంది. ఎలుకకు దాదాపు ఏ బాధా ఉండదు. హాయిగా తిరుగుతూ నెలల తరబడి, ఒక్కోసారి బతికినంత కాలం, మూత్రంలో వదులుతూనే ఉంటుంది. ఆ మూత్రం నీళ్లలో, తడి మట్టిలో కలిస్తే బ్యాక్టీరియా వారాల పాటు బతుకుతుంది. మనం ఆ నీళ్లలో నడిచినప్పుడు కాలి మీద గీరుకున్న చోటు నుంచో, నీళ్లలో నాని మెత్తబడిన చర్మం నుంచో, కంటి నుంచో, నోటి నుంచో లోపలికి పోతుంది. ఎండ అంటే దానికి చావు. ఎండిన నేల మీద నిలవలేదు. అందుకే వానాకాలం దాని పండగ.

ఇప్పుడు కాచిగూడ మ్యాప్ తెరవండి. ఒక పక్క మూసీ, చాదర్‌ఘాట్ దాకా నడిచి వెళ్లే దూరం. ఇంకో పక్క హుస్సేన్‌సాగర్ అలుగు నీళ్లు మోసుకొచ్చే నాలా. అశోక్‌నగర్, బాగ్‌లింగంపల్లి, నల్లకుంట దాటి గోల్నాక దగ్గర మూసీలో కలుస్తుంది. అంటే ఏటికీ నాలాకూ మధ్య ఇరుక్కున్న పేట ఇది. కాచీలు అనే కూరగాయలు పండించే కులం వాళ్లు స్థిరపడ్డ ఊరు కాబట్టి కాచిగూడ అనే పేరొచ్చిందని చెబుతారు. ఏటి ఒడ్డున తడి నేల, కాళ్లకు చెప్పుల్లేకుండా మడుల్లో పని. పాల వ్యాపారం చేసే యాదవుల కొట్టాలు కూడా ఈ చుట్టుపక్కల పాత సంగతే. దీపావళి తర్వాత నారాయణగూడలో సదర్‌కు దున్నపోతుల్ని అలంకరించి తీసుకొచ్చేది ఊరికే రాలేదు, నగరం నడిబొడ్డున పశువులు ఉండేవి కాబట్టే ఆ పండగ ఇక్కడ నిలిచింది. ఈ బ్యాక్టీరియాకు కావాల్సినవి మూడే: జంతువు, నిలవ నీళ్లు, ఉత్త కాళ్లు. మూడూ ఇక్కడ వందల ఏళ్లుగా ఉన్నాయి.

1908 సెప్టెంబర్ 28. హైదరాబాద్ చరిత్రలో అంతకంటే నల్లటి రోజు లేదు. మూసీ వరదలో 15 వేల మంది చనిపోయారని అంచనా. 19 వేల ఇళ్లు కూలాయంటారు. అఫ్జల్‌గంజ్, ముస్లింజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు పోయాయి, పురానాపూల్ ఒక్కటి నిలబడింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి 150 మంది ప్రాణాలు కాపాడుకున్న కథ మీరు చదివే ఉంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ప్యాలెస్‌లు తెరిపించి జనాన్ని ఉంచాడు.

మన ఎపిసోడ్‌కు కావాల్సింది వరద రోజు కాదు, ఆ తర్వాత వచ్చే వారాలు. వరద తీశాక ఏముంటుంది? బురద. బొరియలు మునిగి ఇళ్ల మీదకు ఎగబాకిన ఎలుకలు, చచ్చిన పశువులు, ఆ బురదను చేతుల్తో ఎత్తిపోసే మనుషులు. ఈ జ్వరానికి ఇంతకంటే అనువైన సమయం ఉండదు. కానీ 1908లో ప్రపంచంలో ఏ డాక్టర్ కూడా "ఇది ఎలుక మూత్రం నుంచి వచ్చింది" అని చెప్పగలిగే స్థితిలో లేడు. ఆ మాట చెప్పడానికి ఇంకా ఏడెనిమిదేళ్లు పట్టింది. అప్పటిదాకా జ్వరం అంటే జ్వరమే. పక్కనే ఉన్న బ్రిటిష్ ఇండియా మరణాల లెక్కల్లో "జ్వరాలు" అని ఒకే గడి ఉండేది, దేశంలో చనిపోయిన వాళ్లలో అందరికంటే ఎక్కువ మంది ఆ ఒక్క గడిలోకే పోయేవాళ్లు. టైఫాయిడ్, మలేరియా, న్యుమోనియా, ఇదీ, అన్నీ ఒకే సంచీలో.

ఎలుక గురించి మన వాళ్లకు అస్సలు తెలియదా అంటే, బాగా తెలుసు. 1911లో హైదరాబాద్‌లో ప్లేగు వచ్చింది. ఆ కాలం పెద్దవాళ్లకు "ఎలుకలు పడుతున్నాయి" అన్న మాట వింటే చాలు, మూటాముల్లె సర్దుకుని ఊరి బయట గుడిసెలు వేసుకునేవాళ్లు. ఇంటి దూలం మీంచి ఎలుక చచ్చి కింద పడిందంటే ప్లేగు వచ్చినట్టే లెక్క. అంటే చచ్చిన ఎలుక ఒక సైరన్. ఈ జబ్బు దగ్గర ఆ సైరనే లేదు. ఇక్కడ ఎలుక చావదు. బతికి, పరిగెత్తి, పిల్లల్ని కని, ఉచ్చ పోస్తూ పోతుంది. ప్లేగు మన జ్ఞాపకాల్లో మిగిలి, ఇది మిగలకపోవడానికి నా దృష్టిలో పెద్ద కారణం ఇదే. ప్లేగు ఎలుకను చంపి తన ఉనికి చెప్పుకుంది. ఇది ఎలుకను పోషించి దాక్కుంది.

వరద, ప్లేగు, ఈ రెండు దెబ్బల తర్వాతే 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేశారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య 1909లో వచ్చి వరద ఆపడానికి ప్లాన్ ఇచ్చాడు, దాని ఫలితమే 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927 నాటి హిమాయత్‌సాగర్. నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకం కూడా ఆయన ఆలోచనే. జలాశయాల గురించి అందరం గొప్పగా చెప్పుకుంటాం. నన్నడిగితే ప్రాణాలు నిలిపే లెక్కలో ఆ మురుగు పైపులూ తక్కువేం కాదు, కానీ మురుగు పైపు ముందు నిలబడి ఎవరూ సెల్ఫీ దిగరు.

ఇక దవాఖాన సంగతి. కాచిగూడ, బర్కత్‌పుర వాళ్లకు జ్వరం వస్తే వెళ్లేది నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు. పాతవాళ్లు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. క్వారంటైన్ అన్న మాట మన నోట్లో నలిగి నలిగి కోరంటి అయింది. 1915లో అంటురోగాల వాళ్లను విడిగా పెట్టడానికి మొదలైన దవాఖాన అది, తరవాత నల్లకుంటకు వచ్చింది. దాని అసలు పేరులో సర్ రోనాల్డ్ రాస్ ఉన్నాడు. ఎందుకంటే మలేరియాను దోమ మోస్తుందన్న రుజువు రాస్‌కు దొరికింది ఈ జంట నగరాల్లోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, మలేరియా రోగిని కుట్టిన దోమ పొట్ట కోసి చూస్తే మలేరియా పరాన్నజీవి కనిపించింది. హుసేన్ ఖాన్ అనే ఆ రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు రాస్. 1902లో నోబెల్ వచ్చింది.

అది మన ఊరికి గర్వకారణమే. కానీ దానివల్ల ఒక చిన్న చిక్కు కూడా వచ్చింది అనిపిస్తుంది నాకు. జ్వరం అనగానే దోమ అనడం అలవాటైపోయింది. అప్పుడు మలేరియా, ఇప్పుడు డెంగీ, చికున్‌గున్యా. వానాకాలం జ్వరానికి మనం పైకి చూస్తాం, దోమల కోసం. కాళ్ల దగ్గర నిలిచిన నీళ్ల వైపు చూడం.

ఇప్పుడు కాసేపు హైదరాబాద్ వదిలి బయటికి వెళ్దాం. ఈ జబ్బును ఎవరు, ఎలా పట్టుకున్నారో చూస్తే, మా ఫ్రెండ్‌కు ఏమైందో బాగా అర్థమవుతుంది.

1886లో జర్మనీలో హైడెల్‌బర్గ్ డాక్టర్ అడాల్ఫ్ వైల్ కొందరు రోగుల గురించి రాశాడు. హఠాత్తుగా జ్వరం, కామెర్లు, ప్లీహం ఉబ్బడం, కిడ్నీలు దెబ్బతినడం. మామూలు కామెర్లు కాదు ఇవి అని గుర్తుపట్టాడు. అందుకే తీవ్రంగా వచ్చే రూపాన్ని ఇప్పటికీ వైల్స్ డిసీజ్ అంటారు. కారణం ఏంటో మాత్రం ఆయనకు తెలియదు.

1905లో అమెరికాలో న్యూ ఆర్లీన్స్‌లో ఎల్లో ఫీవర్ పట్టుకుంది. అది దోమ కుట్టడం వల్ల వచ్చే వేరే జబ్బు, వైరస్ వల్ల వస్తుంది, అందులోనూ కళ్లు పచ్చబడతాయి. ఎల్లో ఫీవర్‌తో చనిపోయాడని రాసిన ఒక మనిషి కిడ్నీ ముక్కను స్టిమ్సన్ అనే డాక్టర్ మైక్రోస్కోప్ కింద చూశాడు. మెలికలు తిరిగిన సన్నటి జీవులు, కొసలు వంగి ప్రశ్నార్థకం గుర్తులా ఉన్నాయి. 1907లో వాటికి ఇంటరోగన్స్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ప్రశ్నించేది అని అర్థం. అది ఎల్లో ఫీవర్ క్రిమి అనే ఆయన అనుకున్నాడు. మన మూసీ వరదకు ఒక్క ఏడాది ముందు, మనిషి మొదటిసారి ఈ బ్యాక్టీరియాను చూశాడు, చూసి ఇంకో జబ్బు ఖాతాలో వేశాడు. ఇప్పటికీ దాని శాస్త్రీయ నామంలో ఆ ప్రశ్న అలాగే ఉంది.

అసలు ముడి విప్పింది జపాన్‌లో. క్యూషూ దీవిలో బొగ్గు గనులు ఉండేవి. గని కూలీలకు కామెర్లతో జ్వరం వచ్చి చనిపోతుండేవాళ్లు. ఫుకువోకాలో ఇంపీరియల్ యూనివర్సిటీ డాక్టర్లు ర్యూకిచి ఇనాడా, యుటాకా ఇడో ఆ రోగుల రక్తాన్ని గినీపిగ్‌లకు ఎక్కించారు. గినీపిగ్‌లకూ కామెర్లు వచ్చాయి. వాటి కాలేయంలో ఆ మెలికల జీవి దొరికింది. 1915లో జపాన్‌లో, 1916లో నేను మొదట్లో చెప్పిన న్యూయార్క్ పత్రికలో ఈ సంగతి ప్రకటించారు. అక్కడితో ఆగలేదు. గనిలో నీళ్లు నిలిచే చోట పనిచేసే వాళ్లకే ఈ జబ్బు ఎక్కువ వస్తోందని గమనించారు. చర్మం గుండా లోపలికి పోతుందని చూపించారు. తర్వాత ఎలుకల కిడ్నీల్లో, మూత్రంలో ఈ జీవి ఉందని తేల్చారు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని మనం ఎగతాళిగా అంటాం కదా. వీళ్లు నిజంగానే కొండను తవ్వే చోట ఎలుకను పట్టారు, ఆ పట్టుకోవడం వల్ల లక్షల ప్రాణాలకు దారి దొరికింది.

దాదాపు అదే సమయంలో మొదటి ప్రపంచ యుద్ధం. ఫ్రాన్స్‌లో నీళ్లు నిండిన కందకాల్లో, ఎలుకల మధ్య నెలల తరబడి ఉన్న జర్మన్ సైనికులకు ఇదే జబ్బు. జర్మన్ డాక్టర్లు కూడా విడిగా ఇదే జీవిని పట్టుకున్నారు. బొగ్గుగని, కందకం, ఏటి ఒడ్డు బస్తీ. చోటు మారినా సామాను అదే.

హిడెయో నొగూచి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. జపాన్‌లో పేద రైతు ఇంట పుట్టి, చిన్నప్పుడు చెయ్యి కాలి, అమెరికా వెళ్లి ప్రపంచ ప్రసిద్ధుడైన శాస్త్రవేత్త. 2004 నుంచి 2024 దాకా జపాన్ వెయ్యి యెన్ల నోటు మీద ఆయన బొమ్మే ఉండేది. లెప్టోస్పైరా అన్న పేరు పెట్టింది ఆయనే, సన్నటి చుట్ట అని అర్థం. 1918లో ఎల్లో ఫీవర్ కారణం వెతకడానికి ఈక్వడార్ వెళ్లాడు. అక్కడి రోగుల్లో లెప్టోస్పైరా దొరికింది. దొరకగానే, ఎల్లో ఫీవర్‌కు కారణం ఇదే అని ప్రకటించాడు. అసలు జరిగింది ఏంటంటే, ఎల్లో ఫీవర్ అని ఆయనకు చూపించిన రోగుల్లో కొందరికి ఉన్నది నిజానికి ఈ ఎలుక జ్వరం. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత. ఇక్కడ కామెర్లు రోగికి, పచ్చగా కనిపించింది డాక్టర్‌కు. 1920లలో హార్వర్డ్‌లో మ్యాక్స్ థైలర్, ఆయన తోటివాళ్లు నొగూచి చూపించిన జీవి వైల్స్ డిసీజ్ జీవే అని తేల్చారు. నొగూచి తన మాట సరిచూసుకోవడానికి ఆఫ్రికా వెళ్లి, 1928 మే నెలలో అక్రాలో ఎల్లో ఫీవర్‌తోనే చనిపోయాడు. ఎల్లో ఫీవర్ టీకా తయారు చేసిన థైలర్‌కు 1951లో నోబెల్ వచ్చింది. అంత పెద్ద మనిషినే తికమక పెట్టిన జబ్బు ఇది. మన గల్లీ క్లినిక్‌లో అయిదు నిమిషాల్లో పట్టుకోలేకపోతే డాక్టర్‌ను ఏమనగలం?

ఇప్పుడు మన దేశం. ఈ జబ్బు మన దగ్గర కాగితం మీదికి ఎక్కింది అండమాన్‌లో. పోర్ట్ బ్లెయిర్‌లో బ్రిటిష్ వాళ్ల ఖైదీలు అడవులు నరికి, బురదలో పని చేసేవాళ్లు. వాళ్లకు వస్తున్న జ్వరాల మీద టేలర్, గోయల్ అనే ఇద్దరు డాక్టర్లు పరిశోధన చేసి 1931లో పుస్తకంగా ప్రచురించారు. ఆ తర్వాత? మర్చిపోయారు. నిజంగా మర్చిపోయారు. 1988 నుంచి అండమాన్‌లో వానాకాలం చివర్లో ఒక జ్వరం రావడం మొదలైంది. దగ్గితే రక్తం, ఊపిరితిత్తుల్లో రక్తస్రావం, ప్రాణాలు పోవడం. అంతుచిక్కక దానికి అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అని పేరు పెట్టారు. కొత్త వైరస్ ఏమో అని భయం. 1990లలో పోర్ట్ బ్లెయిర్‌లోని ఐసీఎంఆర్ కేంద్రం వాళ్లు తేల్చింది ఏంటంటే, అది ఇదే. 1931లో అదే దీవుల్లో, పుస్తకంలో రాసిపెట్టిన జబ్బే. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి అండమాన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, కాబట్టి ఇది ఎక్కడో దూరం కథ అనుకోకండి.

ముంబైలో 2005 జులై 26. శాంతాక్రజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన. నగరం మొత్తం ఆ నీళ్లలో నడిచి ఇంటికి చేరింది. ఆ తర్వాత వారాల్లో ఆస్పత్రులకు లెప్టో రోగులు వరసకట్టారు. 2018లో కేరళ వరదలప్పుడు అక్కడి ఆరోగ్య శాఖ ముందే మేల్కొంది. నీళ్లలో దిగి పని చేసే వాలంటీర్లకు, శుభ్రం చేసేవాళ్లకు వారానికోసారి డాక్సీసైక్లిన్ మాత్రలు పంచింది. అయినా కొన్ని ప్రాణాలు పోయాయి. కానీ అక్కడ ఒక ఆటో డ్రైవర్‌ను అడిగినా ఎలిప్పని అంటే ఏంటో చెప్తాడు.

మన హైదరాబాద్‌లో లేదా అంటే, ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మంజుల శ్రీధరన్ గారి బృందం ఈ బ్యాక్టీరియా మీద ఏళ్ల తరబడి పనిచేసింది. అది మన ఒంట్లోని ఇనుమును ఎలా లాక్కుంటుందో చూడటం వాళ్ల ప్రత్యేకత. నిమ్స్ డాక్టర్లతో కలిసి, ఆస్పత్రికి వచ్చిన అనుమానిత రోగుల రక్తాన్ని పరీక్షించి, హైదరాబాద్‌లో లెప్టోస్పైరోసిస్ మీద 2007లో ఒక పేపర్ ప్రచురించారు. కాబట్టి "మా ఊళ్లో అలాంటివి లేవు" అనడానికి వీల్లేదు. 2015లో వచ్చిన ఒక అంతర్జాతీయ అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 10 లక్షల మందికి ఇది వస్తోంది, దాదాపు 59 వేల మంది చనిపోతున్నారు.

మరి ఇంకా ఎందుకు దొరకడం లేదు? ఒకటి, లక్షణాలు అన్ని జ్వరాల్లాగే ఉంటాయి. తేడా చూపించే గుర్తులు రెండు మూడు ఉన్నాయి: పిక్కలు ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, పుసి లేకుండా కళ్లు ఎర్రబడటం, వెనకటి రెండు మూడు వారాల్లో వరద నీళ్లలోనో మురుగులోనో దిగి ఉండటం. రెండు, పరీక్ష. రక్తంలో యాంటీబాడీలు కనిపించడానికి అయిదు నుంచి ఏడు రోజులు పడుతుంది. మూడో రోజే చేయిస్తే నెగటివ్ రావచ్చు, నెగటివ్ కాగితం చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. పక్కా పరీక్ష చేయాలంటే ల్యాబ్‌లో బతికున్న బ్యాక్టీరియాను పెంచుతూ ఉండాలి, అది ఎక్కడపడితే అక్కడ జరిగే పని కాదు. మూడు, ఎక్కువ మందికి మామూలు జ్వరంలాగే వచ్చి తగ్గిపోతుంది. కొద్దిమందికే కిడ్నీలు, కాలేయం, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఆ కొద్దిమంది డెంగీ వార్డులోనో కామెర్ల పసరు దగ్గరో ఉంటారు.

ఇందులో కడుపు మండే విషయం ఏంటంటే, మొదటి రోజుల్లో అనుమానిస్తే చాలు, డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ లాంటి పాత, చవకైన మందులతో లొంగే జబ్బు ఇది. (డాక్టర్ రాస్తేనే వేసుకోండి, ఈ వీడియో చూసి మెడికల్ షాపుకు పరిగెత్తకండి.) ఇంకో తమాషా కూడా ఉంది. మీ ఇంట్లో పెంపుడు కుక్క ఉంటే దాని టీకా పుస్తకం తీయండి. ఏటా వేయించే కాంబినేషన్ టీకా స్టిక్కర్ మీద చివర్లో 'ఎల్' అనే అక్షరం ఉంటుంది చూడండి. అది లెప్టో. బంజారాహిల్స్‌లో కుక్కపిల్లకు ఏటా రక్షణ ఉంది. మ్యాన్‌హోల్లో దిగే మనిషికి గమ్‌బూట్లు కూడా ఇవ్వరు. మనుషుల్ని అలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది, అయినా ఎవరు దిగుతున్నారో, ఏ బస్తీల నుంచి వచ్చినవాళ్లు దిగుతున్నారో మనందరికీ తెలుసు. ఈ జబ్బు మొదట్నుంచీ గని కూలీని, సిపాయిని, ఖైదీని, పొలం కూలీని, పాకీ పనివాడిని వెతుక్కుంటూ వచ్చింది. వాళ్ల జ్వరాలకు విడిగా పేరు పెట్టాలని ఎవరికీ తొందర లేకపోయింది. అది కూడా ఈ చరిత్రలో భాగమే.

మా ఫ్రెండ్ దగ్గరికి వద్దాం. మూత్రం తగ్గిపోయిందని చెప్పి ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్లాం. అక్కడ డ్యూటీలో ఒక పెద్దావిడ డాక్టర్. రిపోర్టుల కట్ట పక్కన పెట్టి, వాడి పిక్క మీద బొటనవేలుతో నొక్కింది. వాడు మంచం మీంచి లేచి అరిచాడు. "ఏం పని చేస్తావ్ బాబూ? నీళ్లల్ల దిగినవా?" అని అడిగింది. తొమ్మిది పది రోజుల్లో వాడిని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. రక్తం పంపించి, రిపోర్ట్ వచ్చేదాకా ఆగకుండా ఆ సాయంత్రమే ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. రెండుసార్లు డయాలసిస్ చేయాల్సి వచ్చింది. మూడు వారాలకు ఇంటికొచ్చాడు. ఆర్నెల్లకు బండెక్కాడు.

డిశ్చార్జ్ రోజు కాగితం మీద ఆ పొడుగు పేరు రాసి ఉంది. వాళ్లమ్మకు చదవడం రాదు. "మేడమ్, గిదేం జ్వరం? బస్తీల అడుగుతరు, ఏమని చెప్పాలె?" అని అడిగింది. డాక్టరమ్మ ఒక క్షణం ఆలోచించింది. "ఎలుక జ్వరం అని చెప్పమ్మా" అంది. ఆమె ఆ మాటను రెండుసార్లు మెల్లగా అనుకుని, కాగితం మడిచి కొంగున కట్టుకుంది. ఆ ఏడాది గోల్నాకలో ఆ గల్లీ మొత్తానికి ఆ పేరు తెలిసింది.